‘లెసన్స్ ఇన్ కెమిస్ట్రీ’ నవల - పాఠకాభిప్రాయ భేదాలు: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ఒక నవలకు పాఠకులు పెరిగినకొద్దీ అభిప్రాయభేదాలూ పెరుగుతాయి. ఇందులో వింత లేదు. అయితే ఒకే పాత్రలోని ఒకే గుణం కొందరికి నవల ప్రాణంగానూ, మరికొందరికి నవల లోపంగానూ కనిపించినప్పుడు ఆ భేదం పరిశీలించదగినది అవుతుంది. బానీ గార్మస్ రచించిన ‘లెసన్స్ ఇన్ కెమిస్ట్రీ’ విషయంలో ఇదే జరిగింది. 2022లో వెలువడిన ఈ ఆంగ్ల నవల ఆమె ప్రచురించిన మొదటి నవల. అప్పటికి ఆమె అరవై ఏళ్లు దాటిన వ్యక్తి. వాణిజ్య ప్రకటనల రచనలో ఎన్నో ఏళ్లు పనిచేసిన అనుభవం ఆమెది. ఉద్యోగంలో ఒకనాటి సమావేశంలో తనకు ఎదురైన చిన్నచూపు నుంచే ఈ నవల మొదలైందని ఆమె స్వయంగా చెప్పారు. నవల అనేక భాషల్లోకి అనువాదమైంది. 2023లో ఆపిల్ టీవీ ప్లస్ దీన్ని ధారావాహికగా ప్రసారం చేసింది.

ఈ నవలను కంటతడితో, నవ్వుతో చదివి మరొకరి చేతిలో పెట్టినవారున్నారు. ఇది చరిత్రను సులువు చేసిందని విసుగుతో మూసినవారూ ఉన్నారు. ఈ రెండు వర్గాలలో ఎవరిది ఒప్పు అని తీర్పు చెప్పడం కంటే, ఆ వాదాల వెనుక ఉన్న అపేక్షలేమిటి, ఆ అపేక్షలలో ఏవి నవల ఇచ్చిన మాటకు సంబంధించినవి, ఏవి పాఠకుడు తనవెంట తెచ్చుకున్నవి అని విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇతివృత్తం

కథ ముఖ్యంగా 1950ల నుండి 1960ల తొలి సంవత్సరాల వరకు కాలిఫోర్నియాలో నడుస్తుంది. కథానాయిక ఎలిజబెత్ జాట్ రసాయన శాస్త్రజ్ఞురాలు. జీవరహిత పదార్థం నుండి జీవం ఎలా పుట్టిందన్నది ఆమె పరిశోధనాంశం. విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తుండగా ఆమె పర్యవేక్షకుడు ఆమెపై అత్యాచారం చేస్తాడు. చేతికందిన పెన్సిలుతో ఆమె అతన్ని పొడుస్తుంది. జరిగినదానికి పశ్చాత్తాపం ప్రకటించమంటే నిరాకరిస్తుంది. ఫలితంగా డాక్టరేటు అవకాశాన్ని కోల్పోతుంది. తరువాత హేస్టింగ్స్ అనే పరిశోధన సంస్థలో కింది స్థాయి ఉద్యోగంలో చేరుతుంది. అక్కడ ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు కాల్విన్ ఎవాన్స్‌తో ప్రేమ. వివాహం చేసుకుంటే తన పని అతని పేరులో కలిసిపోతుందని భావించి పెళ్లికి ఒప్పుకోదు. ఆకస్మిక ప్రమాదంలో కాల్విన్ మరణిస్తాడు. అవివాహితగా గర్భవతి అయినందుకు సంస్థ ఆమెను తొలగిస్తుంది. ఆమె ఇంటి వంటగదిని ప్రయోగశాలగా మార్చుకుంటుంది. ఆమె పరిశోధనను పై అధికారి డొనాటి తనదిగా ప్రచురించుకుంటాడు. కొన్నేళ్ల తరువాత, జీవిక కోసం, ఒక టెలివిజన్ వంటల కార్యక్రమానికి ఆమె నిర్వాహకురాలు అవుతుంది. వంటను రసాయన శాస్త్రంగా బోధిస్తూ, చూస్తున్న గృహిణులకు వారి సామర్థ్యాన్ని గుర్తు చేస్తుంది.

మాటలు అర్థం చేసుకునే ఒక కుక్క, వయసుకు మించిన తెలివి గల కూతురు మ్యాడెలిన్, పొరుగింటి హారియట్ స్లోన్ కథలో ముఖ్య పాత్రలు. నవలలో కొన్ని భాగాలు కుక్క దృష్టి నుండే సాగుతాయి. ఈ ఒక్క విషయం చాలు, నవల తనను తాను శుద్ధ వాస్తవికతకు కట్టుబెట్టుకోలేదని తెలియడానికి.

కాలవిరుద్ధత అనే అభ్యంతరం

నవలపై తరచుగా వినిపించే అభ్యంతరం ఎలిజబెత్ పాత్ర ఆ కాలానికి చెందినది కాదన్నది. ఆమె మాటలు, ఆమె నిస్సంకోచం, స్త్రీ పురుష సమానత్వంపై ఆమెకు గల స్పష్టత నేటి స్త్రీవని, రచయిత్రి ఆమెను గతంలోకి పంపించారని ఈ పాఠకుల వాదం. నవల ఆరంభం 1961లో. బెట్టీ ఫ్రీడన్ ‘ది ఫెమినైన్ మిస్టిక్’ 1963లో వచ్చింది. ఉద్యోగాలలో లింగవివక్షను నిషేధించిన అమెరికా పౌరహక్కుల చట్టం 1964 నాటిది. గర్భవతి అన్న కారణంతో ఉద్యోగినిపై వివక్ష చూపడాన్ని నిషేధించిన చట్టం 1978లో గాని రాలేదు. ఈ తేదీలను చూస్తే ఎలిజబెత్ తన కాలానికి ముందే పుట్టినట్లు కనిపించడం సహజం.

అయితే చట్టం వచ్చిన తేదీ నుండే కోరిక పుట్టదు. మరియా గెప్పర్ట్ మేయర్ జీవితం ఇందుకు ఉదాహరణ. 1930లో గ్యోటింగెన్‌లో డాక్టరేటు పొందిన ఈ భౌతిక శాస్త్రజ్ఞురాలు భర్త పనిచేసిన విశ్వవిద్యాలయాలలో ఎన్నో ఏళ్లు జీతం లేకుండానో, నామమాత్రపు హోదాతోనో పరిశోధన సాగించారు. పూర్తి జీతంతో ఆచార్య పదవి 1960లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో శాఖలో లభించింది. 1963లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చినప్పుడు స్థానిక పత్రిక ఆమెను శాన్ డియాగో తల్లిగా శీర్షికలో పేర్కొంది. 1947లో నోబెల్ అందుకున్న గర్టీ కోరీ కూడా ఆచార్య పదవిని ఆ సంవత్సరమే పొందారు. నవలలో ఎలిజబెత్ ఎదుర్కొన్న అవమానాలను అతిశయోక్తి అనడానికి ఈ చరిత్ర అవకాశం ఇవ్వదు.

పరిశోధన దొంగతనం గురించిన ఘట్టాన్నీ ఇలాగే పరిశీలించవచ్చు. జీవం పుట్టుకపై ప్రసిద్ధమైన ప్రయోగాన్ని 1953లో ప్రకటించినవాడు స్టాన్లీ మిల్లర్. అప్పటికి అతడు హెరాల్డ్ యూరే వద్ద పరిశోధక విద్యార్థి. యూరే నోబెల్ గ్రహీత. తన పేరు ఉంటే విద్యార్థికి దక్కవలసిన గుర్తింపు దక్కదని ఆయన ఆ పరిశోధన పత్రం నుండి తన పేరును తొలగించుకున్నారు. ఎలిజబెత్ పనిచేసిన రంగం అదే, కాలమూ దాదాపు అదే. మంచి పర్యవేక్షకుడు దొరికిన విద్యార్థికి లభించినదేమిటో, ఆమె కోల్పోయినదేమిటో ఈ పోలిక చెబుతుంది. నవల ఈ పోలికను ప్రస్తావించదు. కానీ శాస్త్ర చరిత్ర తెలిసిన పాఠకుడికి డొనాటి పాత్ర వెనుక యూరే నీడ కనిపించక మానదు.

కనుక సమానత్వాన్ని కోరడంలో కాలవిరుద్ధత లేదు. అభ్యంతరంలో నిలిచే భాగం వేరే ఉంది. ఎలిజబెత్‌కు సంకోచం లేదు. అవమానం ఎదురైన ప్రతిసారీ ఆమె వద్ద సమాధానం సిద్ధంగా ఉంటుంది. చరిత్రలోని స్త్రీలలో ఎదిరింపూ రాజీ ఒకే మనిషిలో కలిసి కనిపిస్తాయి. మన దేశంలోనే చూస్తే, 1933లో కమలా సోహోనీ (అప్పటికి భాగవత్) బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ప్రవేశం కోరినప్పుడు స్త్రీ అన్న కారణంగా సి.వి. రామన్ నిరాకరించారు. ఆమె సత్యాగ్రహానికి దిగారు. ప్రవేశం లభించింది గాని, ఒక ఏడాది పరిశీలనలో ఉండాలనే షరతుతో. ఆమె ఆ షరతును అంగీకరించారు, ఆ అవమానాన్ని మరచిపోనూ లేదు. 1939లో కేంబ్రిడ్జ్ నుండి డాక్టరేటు పొందారు. సత్యాగ్రహం చేసినదీ ఆమే, షరతుకు తలవంచినదీ ఆమే. ఎలిజబెత్‌లో మొదటి సగం ఉంది, రెండవ సగం లేదు. నవల ఆమెకు కష్టాలనిచ్చింది గాని ద్వైధాన్ని ఇవ్వలేదు. కాలవిరుద్ధత అని పాఠకులు పేరు పెట్టినది నిజానికి ఈ ద్వైధలోపమే.

హాస్యం, హింస

రెండవ అభిప్రాయభేదం నవల ధోరణికి సంబంధించినది. అమెరికా ప్రచురణ ముఖచిత్రం గులాబీ రంగులో, తేలికపాటి ప్రేమకథను తలపించేలా ఉంది. ఆ అపేక్షతో పుస్తకం తెరిచినవారికి తొలి భాగంలోనే అత్యాచారం, ఆ తరువాత మరణం, ఎలిజబెత్ గతంలో సోదరుడి ఆత్మహత్య ఎదురవుతాయి. ఇవి ఎదురైన పుటల పక్కనే కుక్క ఆలోచనలు, చురుకైన సంభాషణలు, ఎగతాళి ఉంటాయి. బాధను నవల తేలిక చేసిందని కొందరికి అనిపించింది. బాధను మోయగలిగే శక్తి ఆ హాస్యంలోనే ఉందని మరికొందరికి అనిపించింది.

భారతీయ ఆలంకారికులు ఈ సమస్యను ఎరుగుదురు. హాస్యానికి కరుణ, భయానకాలు విరోధి రసాలని విశ్వనాథుడు ‘సాహిత్యదర్పణం’లో చెప్పాడు. విరోధి రసాలను ఒక రచనలో నిర్వహించే మార్గాలను ఆనందవర్ధనుడు వివరించాడు. రెండింటినీ ఆనుకొని నిలపకుండా నడుమ మరో రసాన్ని ఉంచడం ఒక మార్గం. ఒకదాన్ని మరొకదానికి అంగంగా చేయడం ఇంకొకటి. ఈ దృష్టితో చూస్తే నవల అన్ని చోట్లా ఒకే విధంగా ప్రవర్తించలేదని తెలుస్తుంది. విశ్వవిద్యాలయంలో జరిగిన అత్యాచార ఘట్టంలో హాస్యం లేదు. దాని తరువాత అధికారులు ఆమెనే పశ్చాత్తాపం ప్రకటించమన్న సన్నివేశంలో వ్యంగ్యం ఉంది, అయితే అది అధికారుల మీద ఎక్కుపెట్టినది. అక్కడ హాస్యం కరుణకు అంగంగానే నిలిచింది. టెలివిజన్ సంస్థ అధికారి ఆమెపై దౌర్జన్యానికి పూనుకున్నప్పుడు మాత్రం పరిస్థితి మారింది. ఆమె సంచిలోంచి వంటకత్తి తీయగానే అతనికి గుండెపోటు వస్తుంది. ఇక్కడ భయం ప్రహసనంగా మారి, నేరస్థుడిని శిక్షించే బాధ్యత యాదృచ్ఛికతకు బదిలీ అయింది. మొదటి ఘట్టాన్ని మెచ్చి రెండవదానితో ఇబ్బందిపడిన పాఠకుడిలో వైరుధ్యం లేదు. ఔచిత్యం విషయంలో నవలే నిలకడగా లేదు.

వంటిల్లు, ప్రయోగశాల

నవలలో ఎక్కువమంది ప్రేమించిన భాగం వంటల కార్యక్రమం. ఎలిజబెత్ ఉప్పును సోడియం క్లోరైడ్ అంటుంది, వెనిగర్‌ను అసిటిక్ ఆమ్లం అంటుంది. ప్రేక్షకురాండ్రు పుస్తకాలు తెరిచి రాసుకుంటారు. రోజూ మూడు పూటలా చేసే పనికి ఒక విజ్ఞానం ఉందని, ఆ విజ్ఞానం తమ చేతుల్లో ఎప్పటినుంచో ఉందని వారికి అర్థమవుతుంది. గృహిణి శ్రమకు ఇంతటి గౌరవం ఇచ్చిన ప్రజాదరణ నవలలు తక్కువని మెచ్చినవారి మాట.

దీనికి ఎదురువాదం కూడా బలమైనదే. వంటను గౌరవించాలంటే దానికి రసాయన శాస్త్రమనే పేరు పెట్టవలసిరావడం ఏమిటన్నది ఆ వాదం. పురుషులు గౌరవించే భాషలోకి మార్చిన తరువాతే స్త్రీ శ్రమకు విలువ వచ్చినట్లయితే, ఆ విలువ శ్రమకు వచ్చిందా, భాషకు వచ్చిందా? తెలుగు స్త్రీవాద సాహిత్యం చదివినవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. విమల ‘వంటిల్లు’ కవిత తరువాత తెలుగు పాఠకులకు వంటగది ఒక తటస్థమైన గది కాకుండా పోయింది. ఆ స్మృతితో ఈ నవలలోకి వచ్చినవారు గోడలు పగలగొట్టి వంటగదిని ప్రయోగశాలగా మార్చిన ఎలిజబెత్‌ను రెండు విధాలుగా చూడగలరు. ఆమె బందిఖానాను పనిస్థలంగా మార్చుకుంది. అదే సమయంలో, ఆమెకు అసలైన ప్రయోగశాల తలుపు మూసి ఉంది గనుకనే ఆ మార్పు అవసరమైంది. నవల మొదటి విషయాన్ని పండుగలా చెప్పింది. రెండవదాన్ని మరచిపోలేదు. కార్యక్రమం విజయవంతమైన తరువాత కూడా ఎలిజబెత్ తనను వంటమనిషిగా కాక శాస్త్రజ్ఞురాలిగానే భావించుకోవడం ఇందుకు నిదర్శనం. ఈ అతృప్తే ఆ భాగాన్ని కేవలం ప్రబోధం కాకుండా కాపాడింది.

హారియట్ శ్రమ

అభిప్రాయభేదాలలో అంతగా చర్చకు రానిది హారియట్ పాత్ర. శిశువుతో ఒంటరిగా సతమతమవుతున్న ఎలిజబెత్ ఇంటికి ఆమె తనంతట తానుగా వస్తుంది. తరువాత ఆ బిడ్డను పెంచేది ఎక్కువగా ఆమే. ఎలిజబెత్ ప్రయోగాలు చేసుకోగలగడానికి, టెలివిజన్ స్టూడియోకు వెళ్లగలగడానికి ఆధారం ఈ పొరుగు స్త్రీ సమయం. హారియట్ స్వయంగా హింసాత్మకమైన వివాహంలో ఉన్న మనిషి. నవల ఆమె పట్ల ప్రేమతోనే ఉంది. అయినా ఆమె శ్రమ లెక్కకు రాదు, స్నేహం అనే మాటలో అది కలిసిపోతుంది.

ఉద్యోగం చేసే స్త్రీల ఇళ్లలో తల్లి, అత్తగారు, పనిమనిషి ఎవరో ఒకరు ఈ స్థానంలో ఉంటారన్నది తెలుగు పాఠకులకు నిత్యానుభవం. ఒక స్త్రీ విముక్తికి మరో స్త్రీ గంటలు ఖర్చవుతాయి. వంటపనిని శాస్త్రమని చాటిన నవల, బిడ్డను పెంచే పనికి అటువంటి భాష ఏదీ వెతకలేదు. 2023 నాటి ధారావాహికలో హారియట్‌ను నల్లజాతి స్త్రీగా మార్చి, న్యాయశాస్త్రం చదువుకుంటూ లాస్ ఏంజలెస్‌లోని షుగర్ హిల్ ప్రాంతం గుండా రహదారి వేయడానికి వ్యతిరేకంగా పోరాడే వ్యక్తిగా చూపారు. ఈ మార్పు మూలానికి విధేయం కాదని కొందరు అసంతృప్తి చెందారు. కాని నవల వదిలిన ఖాళీ ఎక్కడుందో ఆ మార్పు సరిగ్గానే గుర్తించింది. తెల్లజాతి మధ్యతరగతి స్త్రీ ఎదుర్కొన్న అన్యాయాన్ని ఆ కాలపు స్త్రీలందరి అన్యాయంగా చూపడంలోని పరిమితి అక్కడ బయటపడింది.

పరిష్కారం

నవల చివరలో కాల్విన్ కన్నతల్లి ఏవరీ పార్కర్ కథలోకి ప్రవేశిస్తుంది. ఆమె సంపన్నురాలు, హేస్టింగ్స్ సంస్థకు నిధులిచ్చిన సంస్థకు అధిపతి. ఆమె రాకతో డొనాటి పదవి పోతుంది. రసాయన విభాగం నాయకత్వం ఎలిజబెత్‌కు దక్కుతుంది. ఈ ముగింపు వద్ద ఆనందించినవారు ఎంతమందో, నిట్టూర్చినవారూ అంతమందే అనిపిస్తుంది. న్యాయం సంస్థ మారినందువల్ల రాలేదు, యజమాని మారినందువల్ల వచ్చింది. పదవిలోకి వచ్చినది మంచి మనిషి కావడం అదృష్టం. నియమాలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఇటువంటి ముగింపును తెలుగు నవలా విమర్శ బాగా ఎరుగును. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ వంటి నవలలను స్త్రీలు విశేషంగా ఆదరించినప్పుడు, అవి కలలు అమ్ముతున్నాయన్న విమర్శ వచ్చింది. ఆ విమర్శలో నిజం ఉంది. అయితే ఆ కలలో ఉద్యోగం చేసే యువతి, ఆమె ఆత్మగౌరవం ఉన్నాయన్న విషయం చాలా కాలం పాటు విమర్శకుల దృష్టికి రాలేదు. పాఠకురాండ్రు రాజశేఖరాన్ని మాత్రమే చదవలేదు, జయంతిని కూడా చదివారు. ఆనాటి విమర్శ చేసిన పొరపాటు కలను గుర్తించడం కాదు, కలగనే మనిషిని చిన్నచూపు చూడటం. ‘లెసన్స్ ఇన్ కెమిస్ట్రీ’ని అభిమానించిన పాఠకులను గురించి అదే పొరపాటు మళ్లీ జరగకూడదు.

అలాగని ముగింపును సమర్థించవలసిన అవసరమూ లేదు. అన్నా మణి బెంగళూరులో రామన్ ప్రయోగశాలలో పరిశోధన చేసి, వజ్రాల కాంతి గుణాలపై పత్రాలు ప్రచురించి, 1945లో సిద్ధాంత గ్రంథాన్ని సమర్పించారు. స్నాతకోత్తర పట్టా లేదన్న కారణంతో మద్రాసు విశ్వవిద్యాలయం ఆమెకు డాక్టరేటు ఇవ్వలేదు. ఆమె జీవితంలోకి ఏ ఏవరీ పార్కర్ రాలేదు. వాతావరణ శాఖలో చేరి, వాతావరణ పరికరాలను దేశంలోనే తయారు చేయించే పనిని నడిపి, ఆ శాఖలో ఉన్నత పదవిలో విరమించారు. డాక్టరేటు చివరి వరకు రాలేదు. ఆ లోటు ఆమె పనిని ఆపలేదు, ఆమె పని ఆ లోటును పూడ్చనూ లేదు. ఈ రెండు వాక్యాలూ ఏకకాలంలో నిజం కావడం చరిత్ర స్వభావం. నవల తన కథానాయికకు మొదటి వాక్యాన్ని ఉంచి, రెండవదాన్ని చెరిపివేసింది.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల తేలిన విషయాలు ఇవి. ఎలిజబెత్ ఎదుర్కొన్న వివక్షలో అతిశయోక్తి లేదు. ఆమె దాన్ని ఎదుర్కొన్న తీరులో ద్వైధం లోపించింది. హాస్యం కొన్ని చోట్ల కరుణకు తోడైంది, కొన్ని చోట్ల దాన్ని పక్కకు నెట్టింది. వంటశ్రమకు గౌరవం లభించింది, బిడ్డను పెంచే శ్రమకు లభించలేదు. పరిష్కారం వ్యక్తుల స్థాయిలో జరిగింది, వ్యవస్థ స్థాయిలో జరగలేదు.

ఈ నవలను చారిత్రక నవలగా చదివినవారు నిరాశపడ్డారు. న్యాయం జరిగినట్లు ఊహించుకొనే కథగా చదివినవారు తృప్తిపడ్డారు. నవల రెండు ఆశలనూ రేకెత్తించింది గనుక రెండు వర్గాలకూ తమ అభిప్రాయానికి నవలలోనే ఆధారం ఉంది. మెచ్చినవారి ఆనందంలో ఒక విషాదం దాగి ఉంది. అరవై ఏళ్ల కిందటి అన్యాయానికి కల్పనలో జరిగిన న్యాయం నేటి పాఠకురాలిని ఇంతగా కదిలించిందంటే, ఆ అన్యాయం ఆమెకు పరాయిది కాదని అర్థం. మెచ్చనివారి అసంతృప్తిలోనూ ఒక గౌరవం ఉంది. ముగింపు లేకుండానే పనిచేసి వెళ్లిన స్త్రీల జీవితాలు సుఖాంతంలో కరిగిపోకూడదన్నది వారి పట్టుదల. ప్రజాదరణ పొందిన స్త్రీల నవలలను తెలుగులో పరిశీలించే పరిశోధకులు ఈ రెండు స్వరాలనూ ఒకే శ్రద్ధతో నమోదు చేయవలసి ఉంది.